అప్‌డేట్: నాన్నగారి ఇల్లు నా పేరిట రాయించుకోలేదు

టెక్సాస్‌లో స్థిరపడి అమెరికా పౌరసత్వం తీసుకున్న మా నాన్నగారికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గే వ్యాధి) తొలిదశలో ఉందని తేలినప్పుడు, ఆయన ఇంటిని వెంటనే నా పేరిట మార్పించుకోవాలా అని ఇక్కడ అడిగాను. ముందు ఎల్డర్ లా అటార్నీని (వృద్ధుల ఆస్తి, సంరక్షణ వ్యవహారాలు చూసే న్యాయవాదిని) కలవమని మీరు చెప్పిన మాట మాకు ఎంతో మేలు చేసింది.

ఆ న్యాయవాది మొదట నన్ను బయట కూర్చోమని, నాన్నగారితో ఒంటరిగా మాట్లాడారు. తన క్లయింటు ఆయనే గాని నేను కాదని, వ్యాధి ఉందన్నంత మాత్రాన సంతకం చేసే అర్హత పోదని, ఏ పత్రం మీద ఎందుకు సంతకం చేస్తున్నదీ ఆయనకు తెలిసి ఉండాలని వివరించారు. ఆ గౌరవం చూసి నా మనసు నిండింది.

ఇల్లు బహుమతిగా ఇచ్చేస్తే, 5 ఏళ్లలోపు నర్సింగ్ హోమ్ ఖర్చుకు మెడికెయిడ్ (ఆదాయం, ఆస్తి తక్కువగా ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం) కోరవలసి వచ్చినప్పుడు ఆ సాయం కొంతకాలం అందకపోవచ్చట. మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) దీర్ఘకాల సంరక్షణ ఖర్చు భరించదని కూడా నాకు అప్పుడే తెలిసింది. అందుచేత ఇల్లు ఆయన పేరిటే ఉంచి, ఆర్థిక వ్యవహారాలకు డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ (ఆయన నిర్ణయాలు తీసుకోలేని స్థితి వచ్చినా చెల్లే అధికార పత్రం), వైద్య నిర్ణయాలకు వేరొకటి, వీలునామా రాయించాము. ఇవి లేకుండా వ్యాధి ముదిరితే, గార్డియన్‌షిప్ (ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే సంరక్షకుడి నియామకం) కోసం కోర్టుకు వెళ్లవలసి వచ్చేది.

నాన్నగారు ప్రతి పుటా చదివి, తెలుగులోనే సంతకం చేశారు.

గుంటూరులో ఉన్న నాన్నగారి స్థలానికి విడిగా పవర్ ఆఫ్ అటార్నీ సిద్ధమవుతోంది. అది భారతదేశానికి చేరిన 3 నెలల్లోగా అక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి.