స్మార్ట్ మీటర్లు పెట్టినా జోన్‌లో లీకేజీ లెక్క తేలట్లేదు

పైపులైను:
ఒక నీటి సరఫరా జోన్, 1000 కనెక్షన్లు, అన్నిటికీ లోరావాన్ (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) మీటర్లు, ఇన్‌లెట్‌లో జోన్‌కి వచ్చే నీళ్లన్నీ కొలిచే బల్క్ మీటర్. బల్క్ మీటర్‌కీ ఇళ్ల మొత్తానికీ తేడా ఒక వారం బాగా ఎక్కువ, మరో వారం దాదాపు సున్నా. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

రాత్రిలెక్క:
సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ముందు వాల్వులు చూడండి. సరిహద్దు వాల్వ్ ఒక్కటి పూర్తిగా బిగియకపోయినా పక్క జోన్‌తో నీళ్లు అటూ ఇటూ పోతాయి. అర్ధరాత్రి దాటాక సరిహద్దు వాల్వులన్నీ మూసి, తర్వాత ఇన్‌లెట్ మూసి, ఒక హైడ్రెంట్ (లైన్ మీద నీళ్లు బయటికి వదిలే పెద్ద కుళాయి) కాసేపు వదలండి. ప్రెషర్ పడిపోయి అక్కడే ఉండాలి. హైడ్రెంట్ కట్టేశాక మళ్లీ పైకి పాకిందంటే ఏదో వాల్వ్ లీకవుతున్నట్టే. ఖాళీ లైన్‌లోకి పగుళ్ల గుండా మురుగు చేరే ప్రమాదముంది కాబట్టి టెస్ట్ త్వరగా ముగించి, లైన్ ఫ్లష్ చేసి, క్లోరిన్ చూశాకే సప్లై ఇవ్వండి.

తర్వాత రాత్రి 2–4 మధ్య ఇన్‌లెట్ ప్రవాహం చూడండి. గంటకు 10 ఘనపు మీటర్లు వెళ్తోందనుకోండి. ఇంటికి గంటకు 2 లీటర్ల వాడకం తీసేస్తే 8 మిగులుతుంది, అదీ లీకు. దాన్ని నేరుగా 24తో గుణించకండి. రాత్రి ప్రెషర్ ఎక్కువ కాబట్టి లీకూ ఎక్కువే.

పైపులైను:
మాకు సప్లై రోజూ కొన్ని గంటలే. రాత్రి లైన్ ఖాళీ.

రాత్రిలెక్క:
ఆ ముక్క ముందే చెప్పాల్సింది! నీళ్లు వదలగానే లైన్‌లోని గాలి మెకానికల్ మీటర్లను గిర్రున తిప్పుతుంది. ఇళ్ల మొత్తం ఉబ్బి, లీకు మాయమైనట్టు కనిపిస్తుంది. ఎత్తైన చోట్ల ఎయిర్ వాల్వులు పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఒక్క రాత్రి సప్లై ఆపకుండా ఇచ్చి, ఇళ్ల ట్యాంకులు నిండాక కొలవండి. ఫ్లోట్ వాల్వ్ (ట్యాంకు నిండగానే నీళ్లు ఆపేది) లేని ట్యాంకులు పొంగుతాయి, రాత్రి ప్రవాహం లెక్కలో అదీ లీకు పద్దులో పడుతుంది.

గేట్‌వే:
రీడింగుల సమయం కూడా చూడండి. బల్క్ మీటర్ అర్ధరాత్రికీ, ఇళ్ల మీటర్లు రోజంతా ఎప్పుడో ఒకప్పుడూ పంపుతుంటే రోజువారీ లెక్క కుదరదు. మీటర్ రోజు వాడకం కాకుండా అప్పటిదాకా తిరిగిన మొత్తం రీడింగ్ పంపాలి. అప్పుడు మధ్యలో కొన్ని సందేశాలు పోయినా లెక్క చెడదు.

మీటర్ గుంట మీద ఇనుప మూత ఉంటే సిగ్నల్ సరిగా బయటికి రాదు. మీటర్ ఎస్ఎఫ్7 నుంచి ఎస్ఎఫ్12కి దిగుతుంది (ఎస్ఎఫ్ అంటే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, అంకె పెరిగేకొద్దీ సందేశం నెమ్మదిగా వెళ్తుంది), ఒక్కో సందేశం 20 రెట్లకు పైగా ఎక్కువసేపు గాలిలో ఉంటుంది. పదేళ్లనుకున్న బ్యాటరీ కరిగేది అక్కడే. ఫైబర్ మూత వేయండి, లేదా యాంటెన్నా పైకి తీయండి. ఏ మీటర్లు ఎస్ఎఫ్12లో ఇరుక్కున్నాయో సర్వర్ లాగ్‌లోనే కనిపిస్తుంది, ముందు వాటి గుంటలే తెరవండి.