పామేరియన్, షిట్జూ కలిసిన కుక్కపిల్ల: ఎండాకాలంలో బొచ్చు గొరిగించవచ్చునా?

ప్రశ్న:
విజయవాడలోని మా ఇంట్లో పామేరియన్ తల్లికి, షిట్జూ తండ్రికి పుట్టిన 7 నెలల ఆడ కుక్కపిల్ల ఉంది. బరువు 4 కిలోలు. ఎండలు ముదిరినప్పటి నుంచి అది స్నానాలగది గచ్చుకు పొట్ట ఆనించి పడుకుంటోంది. బొచ్చంతా గొరిగించేస్తే హాయిగా ఉంటుందని పక్కింటివారు అంటున్నారు. అలా చేయించవచ్చునా?

మొదటి జవాబు:
దయచేసి గొరిగించకండి. పామేరియన్‌కు పైన పొడవాటి వెంట్రుకలు, లోపల మెత్తని నూగు అని రెండు పొరలుంటాయి కాబట్టి, మీ పిల్లకు తల్లి పోలిక వచ్చి ఉంటే, మొదలంటా తీసిన బొచ్చు తిరిగి సరిగా మొలవకపోవచ్చు, చర్మం ఎండకు కమిలిపోవచ్చు. రోజు విడిచి రోజు దువ్వి, చెవుల వెనక వేళ్లు పెట్టి చూడండి. ముందుగా ఉండకట్టేది అక్కడే. తండ్రిలా ముక్కు పొట్టిదైతే వేడికి త్వరగా సొమ్మసిల్లుతుంది కనుక, నడకను తెల్లవారుజామునే ముగించండి.

రెండవ జవాబు:
మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి, ఎందుకంటే చిన్న జాతుల్లో శ్వాసనాళం బలహీనపడి కుంగిపోయే జబ్బు ఎక్కువ. పళ్లను అశ్రద్ధ చేయకండి. నేను చేసిన అశ్రద్ధకు మా కుక్కకు ఆరేళ్లకే నాలుగు పళ్లు పీకించవలసి వచ్చింది, ఆ బాధ నాకింకా పోలేదు. కుక్కల పేస్టుతోనే తోమాలి, మనుషులది పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. చెవి వెనక చింతగింజంత ఉండ దొరికింది, దువ్వెన తగిలితే మూలుగుతోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
తడపకండి, తడిస్తే మరింత బిగుస్తుంది. కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, చర్మం లాగకుండా వెంట్రుకల మొదలు పట్టుకుని, చివరల నుంచి వేళ్లతో నెమ్మదిగా విడదీయండి.