స్పీడింగ్ లెటర్ వచ్చింది: కోర్సు చేయాలా, పాయింట్లు తీసుకోవాలా?

రెడింగ్ నుంచి, కొత్తగా వచ్చినవాడిని:

అందరికీ నమస్కారం. మేము యూకే వచ్చి పదిహేను నెలలైంది. ఇక్కడి డ్రైవింగ్ టెస్ట్ పాసై ఇంకా ఆరు నెలలు కూడా నిండలేదు. రెండు వారాల క్రితం టివిడేల్ బాలాజీ గుడికి వెళ్ళి తిరిగి వస్తుంటే ఊళ్ళోని 30 రోడ్డు (గంటకి 30 మైళ్ళ లిమిట్) మీద 36లో వెళ్ళానట. నిన్న పోలీసుల నుంచి లెటర్ వచ్చింది, కారు ఎవరు నడిపారో రాసి పంపమంటున్నారు. లైసెన్స్ మీద పెనాల్టీ పాయింట్లు పడకుండా, వాటికి బదులు చేసే స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు అని ఒకటి ఉంటుందని ఆఫీసులో చెప్పారు. దానికి డబ్బు కట్టి లీవ్ కూడా పెట్టడం కంటే ఆ మూడు పాయింట్లేవో తీసుకుని వదిలేస్తే పోదా? పరీక్ష కూడా ఉంటుందా? వీసాకి ఏమైనా ఇబ్బందా? లెటర్ చూసినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ప్రసాదం పులిహోర ఒళ్ళో పెట్టుకుని "బాబు నిద్రపోయేలోపు ఇంటికి చేరాలి, కాస్త త్వరగా పోనివ్వండి" అన్నది మా ఆవిడే. ఇప్పుడు అది చెప్తే ఒప్పుకోవడం లేదు.

స్విండన్ నుంచి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే:

తమ్ముడూ, కోర్సు ఆఫర్ వస్తే కళ్ళు మూసుకుని తీసుకో. నీ విషయంలో అసలు ఆలోచించాల్సిన పనే లేదు. టెస్ట్ పాసైన మొదటి రెండేళ్ళలో ఆరు పాయింట్లు పడితే లైసెన్స్ రద్దవుతుంది. మళ్ళీ ప్రొవిజనల్ (లెర్నర్ లైసెన్స్), మళ్ళీ థియరీ, మళ్ళీ ప్రాక్టికల్. 1995 నాటి చట్టం అది. మూడు పాయింట్లు తీసుకున్నావంటే, వచ్చే ఏడాదిన్నర ఇంకొక్క కెమెరా దూరంలో బతుకుతున్నట్టే. పాతవాళ్ళకి పన్నెండు దాకా ఉంటుంది, నీకు ఆరే.

డబ్బు లెక్క చూసినా అంతే. పాయింట్లతో వచ్చే ఫైన్ 100 పౌండ్లు. కోర్సు ఏరియాని బట్టి 80 నుంచి 100. అక్కడికక్కడే సరిపోయింది. పాయింట్లు లైసెన్స్ మీద నాలుగేళ్ళు ఉంటాయి, ఇన్సూరెన్స్ వాళ్ళు మామూలుగా ఐదేళ్ళ వెనక్కి అడుగుతారు. కొత్త డ్రైవర్‌కి ఇక్కడ ప్రీమియం ఎంతో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, దాని మీద ఇదొకటి.

కోర్సు కావాలని మనం అడిగేది కాదు, వాళ్ళే ఇస్తారు. ముందు ఆ ఫారంలో నడిపింది నువ్వేనని రాసి పంపు. 30 రోడ్డులో మామూలుగా 35 నుంచి 42 మధ్య పడినవాళ్ళకి, గత మూడేళ్ళలో ఈ కోర్సు చేయనివాళ్ళకి ఆఫర్ వస్తుంది. 36 అంటే నువ్వు అందులోనే ఉన్నావు.

లీడ్స్ నుంచి:

అన్నా, ముందు కవర్ మీద తేదీ చూడమనండి. పద్నాలుగు రోజుల్లోపు లెటర్ రాకపోతే కేసు చెల్లదు, చించి పారేయొచ్చు. మా ఫ్రెండ్ అలాగే చేశాడు, ఏమీ కాలేదు.

స్విండన్:

ఇలాంటి సలహాలే కొంప ముంచేది. పద్నాలుగు రోజులనేది కారు రిజిస్టర్డ్ కీపర్‌కి, అంటే కారు ఎవరి పేరున నమోదై ఉందో వాళ్ళకి, పంపే మొదటి నోటీసుకి. లీజు కారైతే, కంపెనీ కారైతే మొదటి లెటర్ వాళ్ళకి వెళ్తుంది, నీకొచ్చేది రెండోది, అది నెల తర్వాత వచ్చినా చెల్లుతుంది. ఇంకో సంగతి. నోటీసు నిజంగానే ఆలస్యమైనా, "ఎవరు నడిపారు" అన్నదానికి జవాబు ఇరవై ఎనిమిది రోజుల్లోపు ఇచ్చి తీరాలి. ఆలస్యమైందన్న వాదన ఏదైనా ఉంటే దాంతో పాటు రాసుకోవాలి. చించి పారేస్తే స్పీడింగ్ పోయి అంతకంటే పెద్దది మెడకి చుట్టుకుంటుంది: ఆరు పాయింట్లు, వెయ్యి పౌండ్ల దాకా ఫైన్. ఈ అబ్బాయికి ఆరు పాయింట్లంటే ఏమిటో పైన చెప్పాను కదా.

హౌన్స్లో నుంచి:

బాబూ, నువ్వు అడగలేదు గానీ నాకు జరిగింది చెప్తాను. ఆ చుట్టుకున్నది నా మెడకే. 2017లో లూటన్ నుంచి ఇల్లు మారాం. లైసెన్స్ మీద అడ్రస్ మార్చాను, కారు లాగ్‌బుక్ (మన ఆర్‌సీ లాంటిది) మీద మార్చలేదు. ఒకటి మారిస్తే రెండోది దానంతటదే మారుతుందనుకున్నాను. మారదు. రెండూ విడివిడిగా చేసుకోవాలి, పైసా ఖర్చు లేదు, ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని.

ఆ మధ్యలో 30లో 37కి దొరికాను. నోటీసు పాత ఇంటికి వెళ్ళింది. పాత ఇంటి ఓనరు మనవాళ్ళే, పేరు ఎందుకులే. రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను, "మాకేమైనా పోస్ట్ వచ్చిందా అన్నయ్యగారూ" అని. "ఏం లేదమ్మా, పిజ్జా కాగితాలే" అన్నారు. ఆరు నెలలయ్యాక కొత్త ఇంటికి లెటర్ వచ్చింది, నా లైసెన్స్ మీద ఆరు పాయింట్లు పడ్డాయని. ఎమ్‌ఎస్90 అంట కోడ్. దేనికో అప్పుడు తెలియదు, కారు ఎవరు నడిపారో చెప్పనందుకని తర్వాత తెలిసింది. కోర్టుకి ఫోన్ చేస్తే ఫైన్, ఖర్చులు అన్నీ కలిపి ఎనిమిది వందల పైచిలుకు పౌండ్లు బాకీ అన్నారు. నేను లేకుండానే కేసు అయిపోయింది, తీర్పూ అయిపోయింది.

ఆ రోజు సాయంత్రమే లూటన్ వెళ్ళాం. ఆయన గ్యాస్ మీటరు అల్మరా తెరిచి ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చారు. వాన పడుతోంది. కారు డిక్కీ పైకెత్తి, దాని కింద నిలబడి ఒక్కొక్క కవరూ చింపాను. మొదటి నోటీసు, రిమైండరు, కోర్టు కాగితాలు, తీర్పు, అన్నీ వరుసగా ఉన్నాయి. మూడో కవరు మీద ఎవరో పాల లెక్క కూడా వేశారు. "ఇదేంటండీ" అంటే "ముఖ్యమైనవైతే మళ్ళీ పంపిస్తారు కదమ్మా అనుకున్నా" అన్నారు. మళ్ళీ పంపించారు, అవీ ఆ సంచిలోనే ఉన్నాయి!

దీనికి ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. కేసు సంగతి మనకి తెలిసిన రోజు నుంచి ఇరవై ఒక్క రోజుల్లోపు స్టాట్యుటరీ డిక్లరేషన్ ఇవ్వొచ్చు, "ఈ విచారణ జరుగుతున్నట్టు నాకు తెలియదు" అని. నేను మెజిస్ట్రేట్ కోర్టులోనే ప్రమాణం చేశాను. దాంతో ఆ తీర్పు రద్దయి కేసు మళ్ళీ మొదటికి వచ్చింది. స్పీడింగ్ ఒప్పుకున్నాను, ఆరు పాయింట్ల కేసు వదిలేశారు, మూడు పడ్డాయి. కోర్సు అవకాశం మాత్రం పోయింది. తొంభై పౌండ్లతో పోయేదానికి ఐదేళ్ళు ఇన్సూరెన్స్ ఫారాల్లో రాసుకున్నాను. అందుకే బాబూ, నీ లాగ్‌బుక్ మీద ఏ అడ్రస్ ఉందో ఈ రాత్రే చూసుకో.

మిల్టన్ కీన్స్ నుంచి:

అక్క చెప్పింది నిజమే. ఇంత గొడవ లేకుండా ఇంకో మార్గం కూడా ఉందనుకోండి. మీ మిసెస్‌కి పాత లైసెన్స్ ఉండి, పాయింట్లు లేకపోతే ఆమె నడిపిందని రాసేయండి. వెనక నుంచి తీసిన ఫోటోలో మొహం కనపడదు. చాలా ఇళ్ళలో జరిగేదే.

స్విండన్:

మిల్టన్ కీన్స్ మిత్రమా, ఆ మెసేజ్ తీసేయండి దయచేసి. క్రిస్ హ్యూన్ సంగతి గుర్తుందా? తర్వాత బ్రిటన్ ప్రభుత్వంలో మంత్రి అయినాయన. 2003లో ఎమ్11 మీద స్పీడింగ్‌కి దొరికితే పాయింట్లు భార్య పేరున వేయించాడు. ఎనిమిదేళ్ళకి, వాళ్ళ కాపురం చెడ్డాక, బయటికొచ్చింది. 2013 మార్చిలో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు. మంత్రికే అలా అయితే, వీసా మీద ఉన్నవాడి పరిస్థితి ఏమిటి? స్పీడింగ్ వేరు, అబద్ధం రాసి సంతకం పెట్టడం వేరు.

మిల్టన్ కీన్స్:

నేను చెయ్యమనలేదు, జరుగుతుందన్నాను.

స్విండన్:

"రాసేయండి" అని రాశారు సార్. పైన కనపడుతోంది.

లెస్టర్ నుంచి:

మీ ఇద్దరూ తర్వాత తేల్చుకోండి. వీసా సంగతి అడిగారు, ఎవరూ చెప్పలేదు. కోర్సు చేస్తే పాయింట్లూ లేవు, కన్విక్షనూ (నేరం రుజువైందన్న తీర్పు) లేదు. ఫిక్స్‌డ్ పెనాల్టీ, అంటే ఆ 100 పౌండ్ల ఫైన్, టైముకి కట్టేసినా అది క్రిమినల్ కన్విక్షన్ కాదు. కోర్టు దాకా వెళ్ళి అక్కడ శిక్ష పడితే మాత్రం కన్విక్షనే, రేపు ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఫారంలో రాయాలి. ఇది హైదరాబాద్ కాదు, పెండింగ్ చలాన్ల మీద ఎప్పుడు డిస్కౌంట్ ప్రకటిస్తారా అని కూర్చోవడానికి.

మిల్టన్ కీన్స్:

కోర్సు చేస్తే ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా చెప్పక్కర్లేదు. అది మాత్రం పక్కా.

హౌన్స్లో:

పక్కా ఏం కాదు. కొన్ని కంపెనీలు ఫారంలోనే అడుగుతాయి, "గత కొన్నేళ్ళలో అవేర్‌నెస్ కోర్సు చేశారా" అని. మా తమ్ముడిని అడిగారు. అడిగితే నిజం చెప్పాలి, లేకపోతే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ దగ్గర పట్టుకుంటారు.

మిల్టన్ కీన్స్:

అడగకపోతే?

హౌన్స్లో:

అడగనిది చెప్పక్కర్లేదు. 2012 చట్టం వచ్చినప్పటి నుంచి ప్రశ్న వాళ్ళే వేయాలి. నేను అన్నది అడిగినప్పటి మాట.

మిల్టన్ కీన్స్:

నేనూ అదే కదా అన్నది.

బ్రిస్టల్ నుంచి:

నేను పోయిన నెలే చేశాను కోర్సు, ఇంకా వేడి మీద ఉంది, చెప్తా. ఆన్‌లైన్‌లోనే, రెండున్నర మూడు గంటలు. సాయంత్రం, శనివారం స్లాట్లు కూడా ఉంటాయి, లీవ్ అక్కర్లేదు. పరీక్ష లేదు, పాస్ ఫెయిల్ లేదు. కానీ కెమెరా ఆన్‌లో ఉండాలి, అడిగితే మాట్లాడాలి. మొదట్లోనే లైసెన్స్ కెమెరాకి చూపించమన్నారు. ఒకాయన పార్క్ చేసిన కారులో కూర్చుని లాగిన్ అయ్యాడు, ఆయన్ని ఇంట్లోకి వెళ్ళి కూర్చోమన్నారు. లేటుగా వచ్చినవాళ్ళని తీసుకోలేదు, వాళ్ళు మళ్ళీ బుక్ చేసుకోవాలట.

మా వంటింటి టేబుల్ మీద కూర్చున్నాను. సరిగ్గా స్టాపింగ్ డిస్టెన్స్ చెప్తున్నప్పుడు కుక్కర్ విజిల్ వేసింది. ట్రైనరు ఆగి "అది ఫైర్ అలారమా?" అంది. "కాదండీ, పప్పు" అన్నాను. మూడో విజిల్‌కి అందరూ నవ్వేశారు.

నిజం చెప్పాలంటే పనికొచ్చింది. వీధి దీపాలు వరుసగా ఉండి, వేరే బోర్డు ఏమీ లేకపోతే ఇంగ్లండ్‌లో అది 30 రోడ్డు అని నాకు ఆరేళ్ళుగా తెలియదు! నేను బోర్డు కోసం చూస్తూ పోయేవాడిని. వేల్స్‌లో అయితే అలాంటి రోడ్డు 2023 సెప్టెంబరు నుంచి 20. మాకు బ్రిడ్జి దాటితే వేల్స్, ఎన్నిసార్లు వెళ్ళొచ్చానో లెక్క లేదు. 20లో వెళ్తే కారు 12 మీటర్లలో ఆగుతుంది, 30లో అయితే 23 మీటర్లు. పది మైళ్ళు పెరిగితే దాదాపు రెట్టింపు. మా ఇంటి ముందు స్కూలు ఉంది. ఆ లెక్క విన్నాక కిటికీలోంచి చూశాను, మా గేటు నుంచి స్కూలు రైలింగ్ దాకా పన్నెండు మీటర్లు ఉంటుందేమో.

లీడ్స్:

అయితే ఆ కవరు చించొద్దంటారు.

స్విండన్:

వద్దు.

రెడింగ్:

అందరికీ చాలా థ్యాంక్స్ అన్నయ్యలూ, అక్కా. లాగ్‌బుక్ చూశాను. మేము మార్చిలో ఫ్లాట్ మారాం, దాని మీద పాత అడ్రసే ఉంది. పాత ఫ్లాట్‌లో ఇప్పుడున్న గుజరాతీ ఆంటీ మా కొత్త ఇంటికి తెచ్చి ఇచ్చింది కాబట్టి ఈ లెటర్ దొరికింది. ఇప్పుడే ఆన్‌లైన్‌లో మార్చాను. ఫారం నింపి నా పేరే రాశాను, రేపు పొద్దున్నే పోస్ట్ చేస్తున్నా. ఆంటీకి పులిహోర పంపిస్తోంది మా ఆవిడ.