మామ ఇచ్చిన స్పిట్‌ఫైర్: పాత ఇంజనే ఉంచాలా, కొత్తది పెట్టాలా?

సుబేదారి మేనల్లుడు

మా మేనమామ డాక్టరు. 1970ల మొదట్లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ ఓడలో తెచ్చుకున్న ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారును ఇప్పుడు నాకిచ్చేశారు. మార్క్ 3 (ఆ కారులో మూడో మోడల్), 1969 నాటిది. రెండే సీట్లు, గుడ్డ టాపు, ముందు భాగమంతా ఒకే ముక్కగా ముందుకు లేస్తుంది. ఏళ్ల తరబడి హన్మకొండలో వాళ్ల ఇంటి షెడ్డులోనే ఉంది. పుల్లీ పట్టి తిప్పితే ఇంజన్ తిరుగుతోంది. తలుపుల కింద సిల్స్ తుప్పు పట్టాయి, వైర్లు ఎలుకలు కొరికాయి, తెల్ల పెయింటు పెచ్చులూడుతోంది. ఆర్‌సీ ఉంది కాని గడువు తీరింది.

ఇంట్లో పెద్ద వాదన నడుస్తోంది. మారుతి జిప్సీ ఇంజన్ పెట్టి, ఎర్ర రంగు వేయించి హాయిగా తిరగమంటాడు మా బావ. తమ్ముడి వస్తువులో ఒక్క బోల్టు కూడా మారొద్దంటుంది మా అమ్మ. మామను అడిగితే, "నీకిచ్చినంక అది నీది. నడుపు" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. మీరేమంటారు?

హంటర్ రోడ్ అన్న

మీ బావ చెప్పిందే కరెక్టు తమ్మీ. జిప్సీ ఇంజన్ 1298 సీసీ, నీ కారుది 1296. సైజు ఒక్కటే. జిప్సీలో ఇంజన్ బండి పొడుగునా ఉంటది కాబట్టి గేర్‌బాక్స్‌తో కలిపి స్పిట్‌ఫైర్‌లో కూర్చుంటది. మారుతి ఎస్టీమ్ ఇంజన్ అయితే అడ్డంగా ఉంటది, దాంతో తిప్పలు. పైగా ఐదు గేర్లు, ఇంజెక్షన్. సామాను వరంగల్‌లోనే దొరుకుతది. పాత ఇంజన్‌కు ఒక్క గాస్కెట్ కావాలన్నా ఇంగ్లండ్ నుంచి తెప్పించి, కస్టమ్స్ కట్టి, వారాలు ఎదురుచూడాలె. ఇప్పుడు బంకులల్ల పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, అది ఆ కాలపు రబ్బరు పైపులను తినేస్తది. మామ "నడుపు" అన్నడు, "దాచిపెట్టు" అనలేదు. నడవాలంటే నమ్మకమున్న ఇంజన్ ఉండాలె.

కాజీపేట షెడ్ ఫిట్టర్, రిటైర్డ్

నేను ఒప్పుకోను. నా ఉద్యోగమంతా లోకో షెడ్డులో ఇంజన్లు విప్పి బిగించడంలోనే గడిచింది. ఇంజన్ పాడైందో లేదో చూడకముందే తీసేద్దామనడం నాకు మింగుడు పడదు.

ముందు కారు గురించి నాలుగు మాటలు. స్పిట్‌ఫైర్ పుట్టింది ట్రయంఫ్ వాళ్ల హెరాల్డ్ కారు నుంచి. రెండింటి రూపం గీసింది ఇటలీకి చెందిన జియోవన్నీ మికెలొట్టి. ఆ హెరాల్డే మన మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ కట్టిన స్టాండర్డ్ హెరాల్డ్. మన దగ్గర దానికి 948 సీసీ ఇంజన్ వేశారు. కాబట్టి సామానంతా ఇంగ్లండ్ నుంచే రావాలన్నది సగమే నిజం. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ ర్యాక్ లాంటివాటికి పాత హెరాల్డ్ వాళ్లను, తుక్కు దుకాణాలను అడగాలి. ఇంజన్ భాగాలు బయట నుంచి తెప్పించక తప్పదు, నిజమే. అయితే 1962 నుంచి 1980 దాకా మూడు లక్షలకు పైగా తయారైన కారు ఇది. ఇంగ్లండ్‌లో దీనికి దొరకని భాగం చాలా తక్కువ.

ఇక ఇంజన్. మార్క్ 3 శక్తి 75 హార్స్‌పవర్, కారు బరువు ఏడు వందల కిలోలకు అటూ ఇటూ. కొత్తలో గంటకు నూట యాభై కిలోమీటర్ల దాకా పోయిన బండి. వరంగల్ నుంచి రామప్ప దాకా పోయిరావడానికి దీనికి బలం చాలదా?

మేనల్లుడు బాబూ, ముందు ఈ పని చెయ్యి. ప్లగ్గులు విప్పి నాలుగు సిలిండర్లలో కొంచెం నూనె పోసి, కొన్నాళ్లు ఊరనిచ్చి చేత్తో తిప్పు. తర్వాత ఒకరిని క్లచ్ తొక్కమని చెప్పి, నువ్వు ముందు పుల్లీని చూడు. క్లచ్ తొక్కినప్పుడల్లా పుల్లీ కంటికి కనబడేంత ముందుకు జరిగితే క్రాంకును ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపే త్రస్ట్ వాషర్లు అరిగాయన్నమాట. ఈ ట్రయంఫ్ ఇంజన్ల పెద్ద జబ్బు అదే. ఇప్పుడైతే సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దింపి మార్చేయొచ్చు. పట్టించుకోకుండా నడిపితే అవి జారిపడి క్రాంకు బ్లాకును తింటుంది, అప్పుడిక ఇంజన్ పోయినట్టే. ఈ పరీక్ష కాకుండా ఎవరేం చెప్పినా వినకు.

బ్యాటరీ బిగించేటప్పుడు కూడా జాగ్రత్త. మార్క్ 2 దాకా పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి), మార్క్ 3 నుంచి నెగటివ్. పాత పుస్తకం చూసి ఎవరైనా తిరగేసి బిగిస్తారేమో, దగ్గరుండి చూసుకో.

ఆటోనగర్ టింకరింగ్

అందరు ఇంజన్ ఇంజన్ అంటుర్రు గని తుప్పు సంగతి ఎవ్వలు మాట్లాడుతలేరు. హెరాల్డ్‌కు పక్కలకు చాసిస్ పట్టీలుంటయి, స్పిట్‌ఫైర్‌కు ఉండయి. దీంట్ల ఆ బలమంత సిల్స్ మీదనే. సిల్స్ పోయినయంటే బండి నడుమ ఇరిగినట్టే. ఏ ఇంజన్ పెట్టినా గదే కథ.

తమ్మీ, బండి జాకీల మీద వేలాడుతుంటె సిల్ కోయనియ్యకు. చక్రాల మీద బరువుండాలె. తలుపు సందు రెండు దిక్కుల కొలిచి రాసుకొని, సందుకు అడ్డంగ ఇనుప పైపు వెల్డింగ్ చేసినంకనే కొయ్యాలె. ఒక్క దిక్కు పూర్తిగ అయినంకనే ఇంకో దిక్కు ముట్టాలె. ఇది చెయ్యకపోతె తలుపులు మళ్ల జన్మల పడయి. పుట్టీ పెట్టి పైనుంచి పెయింటు కొట్టేటోళ్లు మస్తుమంది ఉంటరు. అయస్కాంతం పట్టుకపోయి చూడు, రేకు లేని కాడ అంటుకోదు.

పెయింటు మాత్రం మొత్తం గీకి కొత్తగ కొట్టాలె కాకా. పెచ్చులూడినంక కింద తుప్పు ఆగదు.

కరీంనగర్ వకీలు

కాగితాల సంగతి చూడకుండా ఇంజన్ మీద వాదించడం తొందరపాటు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019లో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. వేరే కంపెనీ ఇంజన్ పెట్టి, ఆర్‌సీలో పాత నంబరు ఉంచుకుని తిరిగారనుకోండి. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది ఆ తేడానే.

2021లో వింటేజ్ వాహనాలకు కేంద్రం వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండికి "వీఏ" అక్షరాలున్న నంబరు ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది. మొదటిసారి రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. జిప్సీ ఇంజన్ పెట్టిన రోజే ఈ అర్హత పోయినట్టు.

హంటర్ రోడ్ అన్న

వకీలు సార్, మీరు సగమే చెప్పిర్రు. వీఏ నంబరు తీసుకుంటే రోజువారీ నడపొద్దు. ఎగ్జిబిషన్‌కు, వింటేజ్ ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలు పోయించుకోను మాత్రమే రోడ్డెక్కాలె. అంటే షెడ్డుల నుంచి తీసి ఇంకో షెడ్డుల పెట్టినట్టే గద. చౌమహల్లాలో నిజాం రోల్స్ రాయిస్‌ను అద్దాల వెనక చూసొస్తం, మంచిదే, అది నిజాం బండి. ఇది ఒక డాక్టరు గారు ఆస్పత్రికి నడిపిన బండి. రోడ్డు మీద ఉంటేనే దానికి విలువ. కాగితాల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్న. కాని అర్హత కోసమే పాత ఇంజన్ ఉంచుమనుడు నాకు ఎక్కుతలేదు.

కాజీపేట షెడ్ ఫిట్టర్, రిటైర్డ్

అర్హత కోసం ఉంచమని నేననలేదు. వీఏ నంబరు తీసుకోవాలని బలవంతమూ లేదు. ఫిట్‌నెస్ చూపించి మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అప్పుడు పాత ఇంజన్‌తోనే ఆదివారం ఆదివారం తిప్పుకోవచ్చు. నీకు కావల్సిందీ అదే కదా.

ఇథనాల్ భయం నిజమే, దానికి మందు ఉంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ల దాకా పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వెయ్యాలి. రెండు ఎస్‌యూ కార్బురేటర్ల సీళ్లు, పంపు డయాఫ్రం మార్చాలి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకూడదు. ఇంకోటి, ఈ ఇంజన్ సీసం కలిపిన పెట్రోలు కోసం తయారైంది, వాల్వులు ఆనే సీట్లు అరగకుండా ఆ సీసమే కాపాడేది. మన దేశంలో 2000లోనే సీసం పెట్రోలు ఆగిపోయింది. హెడ్ ఎటూ దింపుతారు కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించు. మంచి లేత్ పనివాడికి ఇది పెద్ద పని కాదు.

బ్రేకుల్లో మాత్రం పాతది ఏదీ ఉంచొద్దు. ముందు డిస్కులు కంపెనీవే, బాగుంటాయి. పైపులు, సిలిండర్లు, రబ్బర్లు అన్నీ కొత్తవి పడాలి. ఈ కాలం బండ్లలా రెండు సర్క్యూట్లు ఉండవు, ఒక్క పైపు పగిలితే పెడల్ నేలకు తాకుతుంది. వెనక చక్రాలు కూడా మలుపులో గట్టిగా తిప్పి ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలితే లోపలికి ముడుచుకుంటాయి. ఆ వెనక కమాన్ కట్ట తీరే అంత. కొత్త ఇంజన్ ఇంకా జోరుగా లాగితే ఈ ప్రమాదం పెరుగుతుంది కాని తగ్గదు. హంటర్ రోడ్ తమ్ముడు ఇది ఆలోచించాలి.

హంటర్ రోడ్ అన్న

వెనక చక్రాల మాట నేను లెక్కలోకి తీసుకోలేదు కాకా, దాన్ని కాదనను. అయినా ఒక్కటి అడుగుత. ఇవన్నీ చేసినంక కూడా ములుగు రోడ్డు మీద ఎండల ఆగిపోతే ఈ పిల్లగాడు మళ్ల బండి ముట్టుకుంటడా? ముట్టుకోడని నా నమ్మకం. నా మాట మీదనే ఉన్న.

సుబేదారి మేనల్లుడు

ఫిట్టర్ గారు చెప్పిన క్లచ్ పరీక్ష చేశాం. పుల్లీ కొద్దిగా కదులుతోంది. కాబట్టి సంపు దింపించి వాషర్లు మార్పిస్తాను, పాత ఇంజనే ఉంటుంది. మా బావ ఇంకా ఒప్పుకోలేదు. రంగు విషయంలో అమ్మదీ ఆటోనగర్ అన్నదీ రెండు దారులు. డిక్కీలో మ్యాటు కింద చూస్తే తెలుపు గట్టిగానే ఉంది.

కరీంనగర్ వకీలు

రంగుకు ఒక రుజువు దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో గేడన్ దగ్గరున్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లు ఫ్యాక్టరీ రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తారు. ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఇంజన్ నంబరెంత అన్నీ అందులో ఉంటాయి. మీ బండి మీద కమిషన్ నంబరు (చాసిస్ నంబరు లాంటిది), ఇంజన్ నంబరు రెండూ "ఎఫ్‌డీ"తో మొదలవుతాయి, కాని రెండూ ఒకటే నంబరు కావు. ఆర్‌సీలో ఒకదాని బదులు ఇంకోటి పడిందేమో చూసుకోండి. ఫారం 29, 30 మీద మామగారి సంతకాలు ఇప్పుడే పెట్టించండి. ఆయన ఉండగానే బండి మీ పేరు మీదికి రావాలి. తర్వాతైతే వారసుల కాగితాలు, ఇంకో ఫారం, ఇంకో తిరుగుడు.

ఆటోనగర్ టింకరింగ్

డిక్కీల తెలుపు గట్టిగుంటె ఆ రంగే కలిపిస్త. గట్టిగున్న కాడ ముట్టను, ఊడిన కాడనే గీకి ప్రైమర్ కొడ్త. అమ్మకు గీ మాట చెప్పు. బండి తెచ్చేటప్పుడు తాడు కట్టి గుంజుకరావొద్దు. లారీ మీద ఎక్కించి, బెల్టులు చక్రాలకు కట్టుర్రి. సిల్స్‌కు మాత్రం ఎక్కడ కట్టకుర్రి.