మొదటి బోటు: పాంటూనా, బౌరైడరా?

ఫ్రిస్కో కొత్త: అందరికీ నమస్కారం. ఇక్కడ టెక్సస్‌లో, డాలస్ దగ్గరి లేక్ లూయిస్‌విల్‌లో తిరగడానికి సెకండ్ హ్యాండ్ మోటార్ బోటు కొందామనుకుంటున్నా. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, వేసవిలో అమ్మానాన్న. 19 అడుగుల ఔట్‌బోర్డ్ (మోటారు వెనక బయట తగిలించి ఉండేది) బౌరైడర్ ఒకటి చూశాను, ముందు ముక్కు భాగంలో కూడా సీట్లుండే బోటు. గొట్టాల మీద తేలే చదునైన పాంటూన్ నయమా? బోటును లాగే కారు టొయోటా హైల్యాండర్ హైబ్రిడ్.

ప్లేనో అన్న: తమ్ముడూ, బోటు సంగతి తర్వాత, ముందు మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) కాగితాలు చదివావా? నేను డ్రైవ్‌వేలో పెట్టిన వారానికే ఉత్తరం వచ్చింది, వీధిలోకి కనపడకూడదట. గేటు వెడల్పు చేయించి పెరట్లోకి తోశాను. కంచె మీంచి విండ్‌షీల్డ్ కనిపిస్తోందని ఫొటో తీసి మళ్ళీ పంపారు! పక్కింటాయన ఆర్‌వీ (ఇల్లులాంటి బండి) మాత్రం నెలంతా వీధిలోనే. మీటింగుకెళ్ళి అడిగితే "అది వేరే సెక్షన్" అన్నారు. ఇప్పుడు స్టోరేజీకి అద్దె కడుతున్నా. అన్నట్టు, లైసెన్సూ గిసెన్సూ ఏమీ అక్కర్లేదు.

డెంటన్ బాబాయ్: అక్కర్లేదని ఎలా చెప్తావయ్యా? 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సస్‌లో 15 హెచ్‌పీ (హార్స్‌పవర్) దాటిన బోటు సొంతంగా నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాల్సిందే. 13 ఏళ్ళలోపు పిల్లలకు బోటు కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి, సీటు కింద ఉంటే కుదరదు. పాంటూనే తీసుకో బాబూ. పెద్దవాళ్ళకు హాయి, కుదుపు ఉండదు.

ప్లేనో అన్న: టెక్సోమా సరస్సులో గాలి లేచినప్పుడు పాంటూన్‌ను ర్యాంపు (బోటును నీళ్ళలోంచి ఎక్కించే వాలు) మీదికి తెచ్చి చూపించండి బాబాయ్.

డెంటన్ బాబాయ్: అతనడిగింది లూయిస్‌విల్. మధ్యలో టెక్సోమా ఎందుకు?

మెకిన్నీ అక్క: మీ గొడవలో కారు సంగతి ఎవరూ చూడలేదు. ఆ హైబ్రిడ్ లాగేది 3,500 పౌండ్లే. బ్రోచరులో వేసేది ఉత్త బోటు బరువు. ట్రైలర్, పెట్రోలు, సామాను కలిపితే ఏ బోటైనా దాటిపోవచ్చు, గ్యాలన్ పెట్రోలే ఆరు పౌండ్లు. మెరీనాలో స్లిప్ (నీళ్ళలోనే బోటు కట్టి ఉంచే చోటు) దొరికితే లాగే బాధే లేదు.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఇంజన్ ముందే వేడెక్కించి ఉంచొద్దని చెప్పు. చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో తెలియాలి. మోటారు కింద ప్రొపెల్లర్ దగ్గరి గేర్‌కేస్ (గేర్లుండే పెట్టె) స్క్రూ వదులు చేయించు, ఆయిల్ పాలలా తెల్లగా కారితే నీళ్ళు దూరినట్టే. వెనక ఫ్లోరును మడమతో తొక్కు, మెత్తగా దిగితే కింద కుళ్ళినట్టే, దండం పెట్టి వచ్చెయ్. ఔట్‌బోర్డ్ కాబట్టి బోటుకొక టైటిల్ (యాజమాన్య పత్రం), మోటారుకొక టైటిల్. రెండూ అమ్మేవాడి పేరు మీదే ఉండాలి.

ఫ్రిస్కో కొత్త: థాంక్స్ అక్కా. మోటారు టైటిల్ ఊసే ఎత్తలేదు ఆయన, ఇప్పుడే మెసేజ్ పెట్టా. బాబాయ్ గారూ, నేను పుట్టింది 1994లో.

డెంటన్ బాబాయ్: చూశావా ప్లేనో?