'ముగ్గురు' కాదు, 'మూడు': అనువాద నవలలో మనిషిని వస్తువు చేసే మాట

ప్రశ్న: అమెరికా దక్షిణాదిలో బానిసత్వం నాటి నవల. బానిసల వ్యాపారి నల్లజాతి మనుషులను 'ఇట్' అంటాడు. తెలుగులో 'అది' అంటే సరిపోతుందా? తల నెరిసిన మనిషిని 'బాయ్' అని పిలుస్తాడు. 'అబ్బాయ్' అంటే ముద్దుగా ఉంది.

జవాబు: మగవాడిని 'అది' అంటే దెబ్బ తగులుతుంది. ఆడమనిషి దగ్గర ఆ పదును రాదు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది: ఏకవచనంలో క్రియ ఒకటే. స్త్రీలు, జంతువులు, జడాలు కానివే మహత్తులని, అంటే 'వాడు వచ్చాడు' వర్గానికి చెందిన మాటలని, బాలవ్యాకరణం (1858) ఏనాడో తేల్చేసింది. పైగా చనువున్నచోట "అది ఇంకా రాలేదే" అంటూనే ఉంటాం. చులకన వినిపిస్తుందేమో గానీ సరుకుగా చూడటం వినిపించదు.

బహువచనంలో దారి దొరుకుతుంది. అక్కడ స్త్రీలూ 'వచ్చారు' వైపే. ఆ హక్కు లాగేసుకోండి: "మొన్న తోలుకొచ్చినవాటిలో ఆడవి మూడు. ఒకటి చూడితో ఉంది." తిట్టు ఒక్కటీ లేదు. 'ముగ్గురు' పోయి 'మూడు' వచ్చింది, 'ఒకతె' పోయి 'ఒకటి' వచ్చింది, కడుపుతో ఉన్న మనిషికి పశువుల మాట 'చూడి' వచ్చింది. కొన్ని మాండలికాల్లో మనుషుల్నీ 'తోలుకొస్తారు' కాబట్టి ఆ మాటొక్కదాన్నే నమ్ముకోకండి. ఇలాంటి వాక్యం సన్నివేశానికి ఒకటి చాలు. ప్రతి మాటలోనూ పెడితే నాలుగో పేజీకి పాఠకుడికి అలవాటైపోతుంది.

ఇంకో జవాబు: 'బాయ్'కి 'ఒరే' ఒక్కటే చాలదండీ, స్నేహితులదీ అదే పిలుపు. ఎదుటి జవాబులో ఎక్కువతక్కువలు తెలియాలి. పాతికేళ్లవాడు "ఏరా, ఇలా రా" అంటే అరవై ఏళ్లాయన "వస్తున్నానయ్యా" అనాలి. వయసు ఆ పేజీలోనే కనబడాలి.

దీనికంటే ఎక్కువమంది బోల్తాపడేది 'అంకుల్', 'ఆంటీ' దగ్గర. పెద్దవయసు నల్లవారిని 'మిస్టర్', 'మిసెస్' అనడం ఇష్టంలేక తెల్లవారు వాడిన పిలుపులివి. 'బాబాయ్', 'పిన్ని' అని తెస్తే అవమానం కాస్తా చుట్టరికమైపోతుంది. వరస తీసేసి 'ముసలాడా' అనేయడం నయం.

మరో జవాబు: పాత్రల నోటికన్నా కథకుడి నోరు ప్రమాదం. ఇంగ్లీషు 'హీ'లో మర్యాద మెట్లు లేవు. వాడు, అతను, ఆయన అని ఎంచేది మనమే. తోట యజమాని 'ఆయన', బండి తోలే నల్లమనిషి 'వాడు' అయితే ఆ అవమానం మూలంలోది కాదు, మనం చేసింది. మొదటి 20 పేజీలు తీసుకుని ఏ పాత్రకు ఏ సర్వనామం, ఏ క్రియ పడిందో పట్టీ రాయండి. డాక్టరు 'వచ్చారు', లేడీ డాక్టరు 'వచ్చింది' లాంటివీ అందులోనే దొరుకుతాయి. సంభాషణలను మాత్రం ముట్టుకోవద్దు. కొటేషన్లు లేకుండా పాత్ర ఆలోచన నడిచేచోట 'వాడు' ఉండొచ్చు, కానీ ముందే ఒక 'అనుకున్నాడు' పడాలి.

అడిగినవారు: 'ఆడవి మూడు' పెట్టేశాను. ప్రూఫు చూసేవారు తప్పనుకుని దిద్దేస్తారేమో?

జవాబు: తప్పకుండా దిద్దుతారు. పక్కన 'కావాలని రాసింది, దిద్దవద్దు' అని రాయండి. ఆ వెంటనే కథనంలో "ముగ్గురూ తలలు వంచుకుని నిలబడ్డారు" అని వస్తే, అచ్చుతప్పు కాదని పాఠకుడికీ తెలుస్తుంది.