స్కూల్లో రిసెప్షన్ సీటు ఎక్కడో దూరంగా ఇచ్చారు, అప్పీల్ వేస్తే లాభం ఉంటుందా?

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, బాబుకి సెప్టెంబర్‌లో రిసెప్షన్ (ఇక్కడ స్కూల్లో మొట్టమొదటి తరగతి) మొదలవ్వాలి. జనవరి 15 లోపే అప్లై చేసి మూడు స్కూళ్లు రాశాం, తీరా ఏప్రిల్ 16న చూస్తే ఆ మూడూ కాకుండా రెండు బస్సులు మారి వెళ్లాల్సిన స్కూల్ ఇచ్చింది కౌన్సిల్ (మా ఊరి స్థానిక ప్రభుత్వం). వెయిటింగ్ లిస్టులో ఉన్నాం, ఇచ్చిన సీటు కూడా వదులుకోలేదు. చిన్న తరగతుల్లో ఒక టీచర్‌కి 30 మంది పిల్లలకు మించకూడదన్న రూల్ వల్ల అప్పీల్ నెగ్గడం కష్టమంటున్నారు, నిజమేనా? ఇంటి నుంచి దూరం తప్పుగా కొలిచారని చూపించి గెలిచినవాళ్లు ఎవరైనా ఉంటే ఏ కాగితాలు పెట్టారో చెప్పండి ప్లీజ్.

ఇంకోటి, పాప బరువు చూసే హెల్త్ విజిటర్ (పసిపిల్లల్ని చూసే నర్సు) క్లినిక్ కూడా మా ఏరియాలో ఎత్తేశారు. 2015 నుంచి అదీ కౌన్సిల్ చేతిలోదేనట (ఇన్నాళ్లూ ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌ని తిట్టుకుంటున్నా!). దీనికి మా వార్డు కౌన్సిలర్‌కి రాస్తే పనవుతుందా, ఎంపీ దాకా వెళ్లాలా?